తీగ కలిసినా మాట కలవని యంత్రాలు

2017 చివర్లో మొదలై ఆ తర్వాత కొన్నేళ్లపాటు దేశదేశాల ఆఫీసుల్లో ఒకే రకం ఫిర్యాదు వినిపించింది. మూలనున్న కాపియర్ బాగానే ఉంది. కాపీలు తీస్తోంది. కంప్యూటర్ నుంచి ప్రింటు కొడితే కాగితం వస్తోంది. స్కాన్ చేసి ఫలానా కంప్యూటర్‌లోని ఫోల్డర్‌కు పంపమంటే మాత్రం కనెక్షన్ కుదరలేదని తెర మీద చూపించి ఆగిపోతోంది. నిన్నటిదాకా పంపిన మెషీనే అది. మారిందల్లా ఒకటే: ఆ కంప్యూటర్‌లో విండోస్ కొత్తగా వేశారు.

సర్వీసు ఇంజినీరు వచ్చి ల్యాన్ కేబుల్ మారుస్తాడు. స్విచ్‌లో వేరే పోర్టుకు పెడతాడు. పాస్‌వర్డు మళ్లీ కొట్టి చూస్తాడు. మెషీన్ వెనక పచ్చదీపం మిణుకుతూనే ఉంటుంది, పింగ్ కొడితే జవాబు వస్తూనే ఉంటుంది. తీగ బాగుంది, కార్డు బాగుంది, పని మాత్రం జరగదు.

ఈ ముడి ఎక్కడ పడిందో తెలియాలంటే ‘ఈ మెషీన్‌కు ఆ నెట్‌వర్క్ కార్డు సరిపోతుందా’ అనే చిన్న ప్రశ్నను విప్పి చూడాలి. కొనేవాళ్లు అడిగేది సాధారణంగా అందులో మొదటి ముక్క ఒక్కటే: స్లాట్‌లో పడుతుందా? పడ్డాక తేల్చుకోవాల్సినవి ఇంకా చాలా ఉంటాయి. కరెంటు, వేగం, చిరునామా, పంపే పద్ధతి, పేజీని వర్ణించే భాష, తాళాలు. వీటిలో ఏ ఒక్కటి తప్పినా కాగితం రాదు. పైగా ఇవన్నీ ఒకే వేగంతో పాతబడవు. కాపియర్‌లోని రోలర్లు, డ్రమ్ము మార్చుకుంటూ పోతే మెషీన్ పది పదిహేనేళ్లు పనిచేస్తుంది. దాని చుట్టూ ఉన్న నెట్‌వర్క్‌కు అంత ఓపిక లేదు. నెమ్మదిగా ముసలిదయ్యే యంత్రమూ, ఏటేటా రూపు మార్చే నెట్‌వర్కూ ఎదురుపడే చోటు ఆ కార్డే.

ఈ ఇద్దరి బంధం చాలా పాతది. అసలు ఈథర్నెట్ పుట్టడానికి ముఖ్యమైన కారణాల్లో ఒకటి ప్రింటర్.

కాలిఫోర్నియాలోని పాలో ఆల్టోలో జిరాక్స్ కంపెనీ 1970లో ఒక పరిశోధన కేంద్రం తెరిచింది. దాని పేరు పార్క్. గ్యారీ స్టార్క్‌వెదర్ అనే ఇంజినీరు 1971లో అక్కడికి మారి, ఆ కంపెనీ కాపియర్‌నే ఒకదాన్ని తీసుకుని, కంప్యూటర్ పంపిన బొమ్మను లేజర్ కిరణం డ్రమ్ము మీద గీసేలా తయారుచేశాడు. అంగుళానికి 500 చుక్కలు, సెకనుకు ఒక పేజీ. లెక్క వేస్తే ఒక్కో పేజీకి 2 కోట్ల 30 లక్షలకు పైగా చుక్కలు. సెకనుకు 9600 బిట్లు మోసే సీరియల్ లైను మీద ఆ పేజీని చుక్క చుక్కగా పంపాలంటే 40 నిమిషాలు పడుతుంది. సెకనుకో పేజీ అచ్చువేసే యంత్రానికి 40 నిమిషాలకో పేజీ అందించే తీగ ఏం ఉపయోగం?

అదే కేంద్రంలో బాబ్ మెట్‌కాఫ్ 1973 మే 22న రాసిన మెమోలో ఈథర్నెట్ అనే పేరు కనిపిస్తుంది. డేవిడ్ బాగ్స్‌తో కలిసి ఆయన కట్టిన తొలి ఈథర్నెట్ సెకనుకు 29 లక్షల 40 వేల బిట్లు మోసింది. 40 నిమిషాల పేజీ 8 సెకన్లకు దిగింది. తెలుగునాట నకలు కాగితాన్ని ‘జిరాక్స్’ అనే పిలుస్తారు. ఊరి జిరాక్స్ షాపులోని మెషీన్‌కు ఈరోజు తగిలించే నీలిరంగు ల్యాన్ తీగకు మూలం కూడా ఆ కంపెనీ ప్రయోగశాలే. దానికి ఒక చెరగని గుర్తు కూడా మిగిలింది. ప్రతి నెట్‌వర్క్ కార్డుకు 48 బిట్ల మ్యాక్ అడ్రస్ ఉంటుంది. అందులో మొదటి సగం తయారీదారు ఎవరో చెబుతుంది. ఆ పట్టికలో అన్నిటికన్నా మొదటిది, 00-00-00, జిరాక్స్ పేరు మీదే ఉంది.

నెట్‌వర్క్ మీద ప్రింటు తీసే సౌకర్యం మామూలు ఆఫీసులకు చేరడానికి చాలా కాలం పట్టింది. 1985లో ఆపిల్ లేజర్‌రైటర్ తన సొంత లోకల్‌టాక్ తీగతో వచ్చింది, సెకనుకు 2 లక్షల 30 వేల బిట్ల వేగంతో. మిగతా ప్రింటర్లు లావుపాటి ప్యారలల్ కేబుల్‌తో ఒక కంప్యూటర్‌కు కట్టేసి ఉండేవి. 1991లో హెచ్‌పీ లేజర్‌జెట్ 3ఎస్ఐతో పాటు జెట్‌డైరెక్ట్ కార్డు వచ్చాక ప్రింటరే స్వయంగా నెట్‌వర్క్‌లో ఒక సభ్యురాలైంది. సరిపోవడం, సరిపోకపోవడం అనే తగువు కూడా అక్కడి నుంచే ఆఫీసుల్లోకి వచ్చింది.

అప్పట్లో నెట్‌వర్క్ అంటే ఒకటి కాదు. కొన్ని ఆఫీసుల్లో సన్నటి కోయాక్సియల్ తీగ మీద ఈథర్నెట్, కొన్నింట్లో మెలితిప్పిన జతల తీగ, ఐబీఎం కంప్యూటర్లున్న చోట టోకెన్ రింగ్, ఆపిల్ ఉన్నచోట లోకల్‌టాక్. ఆనాటి కొన్ని కార్డుల వెనక మూడు రకాల సాకెట్లు పక్కపక్కనే ఉండేవి. టోకెన్ రింగ్‌కైతే కార్డే వేరు. సాకెట్ కుదిరినా తెరిపి లేదు. నోవెల్ నెట్‌వేర్ సర్వర్లు 3.11 వెర్షన్ దాకా డేటాను ఒక రకం పొట్లంగా కట్టి పంపేవి. 3.12 నుంచి మామూలుగా వాడే పొట్లం మారింది. కార్డు పాత పొట్లం కోసం, సర్వర్ కొత్త పొట్లం కోసం చూస్తుంటే ఒకే తీగ మీద ఉండి కూడా ఒకదానికొకటి కనపడేవి కావు.

స్లాట్ సంగతీ అంతే. హెచ్‌పీ ప్రింటర్లలో మొదట ఎంఐఓ అనే స్లాట్ ఉండేది, తర్వాత దాని స్థానంలో ఈఐఓ వచ్చింది. ఒకదాని కార్డు మరొకదాంట్లో పట్టదు. ఈఐఓ కార్డుల్లోనే 5 వోల్టులవి, 3.3 వోల్టులవి అని తేడా ఉంది. లేజర్‌జెట్ 9000 లాంటి మెషీన్లకు 3.3 వోల్టుల కార్డే కావాలి. పేరు ఒకటే, ఆకారం ఒకటే, అడిగే కరెంటు వేరు. పాత సామాను దుకాణంలో జెట్‌డైరెక్ట్ అని రాసి ఉన్న కార్డు దొరికిందని సంబరపడేవాళ్లు దాని మోడల్ నంబరు చూడటం అందుకే అవసరం.

కాపియర్ల విషయం ఇంకా లోతైనది. డిజిటల్ కాపియర్ అంటే నిజానికి రెండు యంత్రాలు: కాగితాన్ని చూసి కాపీ తీసేది ఒకటి, కంప్యూటర్ మాట విని పేజీ తయారుచేసేది ఇంకొకటి. చాలా మోడళ్లలో రెండోదాన్ని విడిగా కొనుక్కోవాలి. ప్రింటర్ బోర్డు, అదనపు మెమరీ, కొన్నిట్లో హార్డ్‌డిస్క్, వీటన్నిటి తర్వాతే నెట్‌వర్క్ కార్డు. రికో కంపెనీ అనేక మోడళ్లలో ప్రింటర్, స్కానర్ ప్రోగ్రాములు ఎస్‌డీ కార్డు మీద వచ్చేవి. గోరంత కార్డు పోతే, మెషీన్‌కు ల్యాన్ సాకెట్ ఉన్నా ప్రింటు చేయడం రాదు. విదేశాల్లో వాడి వదిలేసిన కాపియర్లు బాగుచేసి అమ్మే చోట సాకెట్‌ను మాత్రమే చూపించి ‘నెట్‌వర్క్ ఉంది’ అంటే ఆ మాట సగమే నిజం. కాపీలు తప్ప ఇంకేమీ తీయలేని మెషీన్ ఇంటికి చేరిన తర్వాత బోర్డుల కోసం తిరగడం చిన్న షాపు యజమానికి మోయలేని భారం.

అన్నీ కుదిరి కేబుల్ పెట్టాక రెండు వైపులా ఒక ఒప్పందానికి రావాలి: ఎంత వేగంతో మాట్లాడదాం, ఇద్దరం ఒకేసారి మాట్లాడొచ్చా, వంతులవారీగానా? దీన్ని కార్డు, స్విచ్ వాటంతట అవే తేల్చుకుంటాయి. గొడవల్లా ఒకవైపు మనిషి వేలు పెట్టి వేగాన్ని బిగించినప్పుడు వస్తుంది. ఏళ్ల క్రితం ఎవరో ప్రింటర్ మెనూలో ‘100, ఫుల్ డ్యూప్లెక్స్’ అని పెట్టి వెళ్లారనుకోండి. స్విచ్ ఒప్పందం కోసం అడుగుతుంది, జవాబు రాదు. తీగ మీది సంకేతాన్ని బట్టి వేగం 100 అని పోల్చుకోగలదు గానీ, రెండోది తెలియక ‘వంతులవారీ’ అనుకుంటుంది. ఒక బండి మాత్రమే పట్టే వంతెనకు ఒకవైపు వాళ్లు వంతు కోసం ఆగుతుంటే, అవతలివాళ్లు అది రెండు దారుల రోడ్డనుకుని బండ్లు తోలినట్టు ఉంటుంది పరిస్థితి. పింగ్‌కు జవాబు వస్తుంది. ఒక పేజీ ఉత్తరం ప్రింటవుతుంది. 80 పేజీల బొమ్మల పీడీఎఫ్ పంపితే మాత్రం గంట గడిచినా తెమలదు. ప్రింటర్ పాతబడిపోయిందని అందరూ తీర్మానిస్తారు. తప్పు దానిది కాదు.

ఇంకో రకం ఇబ్బంది గోడలోని కేబుల్‌లో ఉంటుంది. 10, 100 మెగాబిట్ల ఈథర్నెట్‌కు కేబుల్‌లోని నాలుగు జతల్లో రెండు జతలు చాలు. దాన్ని చూసి, ఒకే కేబుల్‌ను రెండుగా చీల్చి ఇద్దరికి కనెక్షన్ ఇచ్చిన ఆఫీసులు బోలెడు. గిగాబిట్‌కు నాలుగు జతలూ కావాలి. కొత్తగా కొన్న గిగాబిట్ కాపియర్‌ను ఆ పాయింటుకే తగిలిస్తే, మొదటి రెండు జతల మీద రెండు వైపులా గిగాబిట్‌కు ఒప్పుకుంటాయి, మిగతా రెండు జతలు లేక ఆ మాట నిలబడదు. దీపం వెలిగి ఆరిపోతూ ఉంటుంది. పాత మెషీన్‌కు పనికొచ్చిన పాయింటు కొత్తదానికి పనికిరాదంటే వినేవాళ్లకు నమ్మబుద్ధి కాదు. దీనికి తలకిందులు సంగతి కూడా ఉంది: ఎక్కువ వేగాల కోసం చేసిన కొత్త స్విచ్‌లు కొన్ని 10 మెగాబిట్లను పూర్తిగా వదిలేశాయి. 1990ల నాటి కార్డును వాటికి తగిలిస్తే దీపమే వెలగదు. మధ్యలో ఒక పాత చిన్న స్విచ్ పెడితే మళ్లీ మాట్లాడుకుంటాయి.

చిరునామాల దగ్గర తప్పులు చిన్నవే గానీ తరచుగా జరుగుతాయి. పాత జెట్‌డైరెక్ట్ కార్డులు కొత్తగా పెట్టినప్పుడు 192.0.0.192 అనే చిరునామాతో లేచేవి, ఆఫీసు నెట్‌వర్క్ ఇంకేదో వరుసలో ఉండేది. కాలిపోయిన కార్డు తీసి అదే మోడల్‌ది ఇంకోటి పెట్టినా చిక్కే. కార్డు మారితే మ్యాక్ అడ్రస్ మారుతుంది, దాన్ని చూసి చిరునామా కేటాయించే రూటర్ కొత్త ఐపీ ఇస్తుంది, ఇరవై కంప్యూటర్లు మాత్రం పాత ఐపీకే ప్రింట్లు పంపుతూ కూర్చుంటాయి.

చిరునామా దొరికాక కంప్యూటర్ ఏ తలుపు తట్టాలి? ఇక్కడ ముఖ్యంగా మూడు తలుపులున్నాయి. యూనిక్స్ కాలం నాటి ఎల్‌పీడీ 515వ నంబరు పోర్టు. హెచ్‌పీ అలవాటు చేసిన, దాదాపు అందరూ అనుసరించిన సూటి పద్ధతి 9100. 1999లో వచ్చిన ఐపీపీ 631. మొదటి రెండింటికి పేజీలు పంపడం తప్ప ప్రింటర్ స్థితిని వివరంగా అడిగి తెలుసుకునే తెలివి తక్కువ. ట్రేలో ఏ సైజు కాగితం ఉంది, రెండు వైపులా అచ్చు వేయగలవా, రంగు ఉందా అని ముందే అడిగి దానికి తగ్గట్టు పేజీ పంపే వీలు ఐపీపీకి ఉంది. 2010లో ఆపిల్ తెచ్చిన ఎయిర్‌ప్రింట్, 2013లో క్యానన్, హెచ్‌పీ, శాంసంగ్, జిరాక్స్ కలిసి పెట్టిన మోప్రియా సంఘం పనులు దీని మీదే నిలబడ్డాయి. డ్రైవర్ సీడీ లేకుండా ఫోన్ నుంచి ప్రింటు రావడం వెనక ఉన్నది ఇదే. ఇన్ని తగువులకు ఇంతవరకు దొరికిన మంచి పరిష్కారం ఇదని గట్టిగా చెప్పవచ్చు.

తలుపు తెరుచుకుంటే చాలదు, లోపలున్నవాళ్లకు భాష తెలియాలి. పోస్ట్‌స్క్రిప్ట్ భాషలో రాసిన పేజీని పీసీఎల్ మాత్రమే తెలిసిన ప్రింటర్‌కు పంపితే, అది పేజీని గీయదు, ఆ ప్రోగ్రాము రాతనే వరసగా అచ్చు వేస్తుంది. అర్థం కాని గుర్తులతో ట్రేలోని కాగితమంతా అయిపోయిన అనుభవం చాలా ఆఫీసుల్లో ఉంది. కార్డు తన పని నూటికి నూరుపాళ్లు చేసింది, వచ్చిన ప్రతి అక్షరాన్నీ పొల్లుపోకుండా అందించింది.

తెలుగు డీటీపీ చేసేవాళ్లకు ఇలాంటిదే ఇంకో బాధ తెలుసు. అను లాంటి పాత ఫాంట్లలో తెలుగు అక్షరాలు ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లో కూర్చుని ఉంటాయి. ఫాంటును పీడీఎఫ్‌లో పొదగకుండా ఆ ఫైలును నేరుగా కాపియర్‌కు పంపితే, దాని దగ్గర ఆ ఫాంటు ఉండదు. ఉన్న ఇంగ్లిష్ ఫాంటుతోనే అచ్చు వేస్తుంది. పెళ్లి శుభలేఖ అర్థంలేని ఇంగ్లిష్ ముక్కలై బయటికొస్తుంది. ఇది కూడా పొసగకపోవడమే, తీగకు అన్నిటికన్నా దూరంగా ఉన్న పొరలో.

చిన్న ఆఫీసుల్లో, ఇంటర్నెట్ సెంటర్లలో విరివిగా కనిపించే క్యానన్ ఎల్‌బీపీ 2900 కథ కూడా భాషదే. దానికి ల్యాన్ సాకెట్ లేదు, యూఎస్‌బీ ఒక్కటే. యూఎస్‌బీని ఈథర్నెట్‌గా మార్చే చిన్న పెట్టె కొని తగిలిస్తే సరిపోతుందని చాలామంది ప్రయత్నిస్తారు. ఆ ప్రింటర్‌కు పీసీఎల్ రాదు, పోస్ట్‌స్క్రిప్ట్ రాదు. క్యాప్ట్ అనే క్యానన్ సొంత పద్ధతిలో పేజీ గీసే పనంతా కంప్యూటర్ మీద వేసి, అడుగడుగునా కంప్యూటర్‌తో ఇటూ అటూ మాట్లాడుతూ పనిచేస్తుంది. మామూలు ప్రింట్ సర్వర్ పెట్టెల్లో చాలావాటికి ఒకవైపు పంపడమే బాగా తెలుసు, ఆ సంభాషణ మోయలేవు. అందుకే ఆ ప్రింటర్ ఉన్నచోట ఒక కంప్యూటర్ పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆన్‌లో ఉండక తప్పదు.

ఇక మొదట్లో వదిలిన ముడి. స్కాన్ చేసిన కాగితాన్ని విండోస్ ఫోల్డర్‌లో పెట్టడానికి కాపియర్ వాడే పద్ధతి పేరు ఎస్‌ఎంబీ. 1980లలో ఐబీఎంలో పుట్టింది. దాని రెండో వెర్షన్‌ను మైక్రోసాఫ్ట్ 2006లో విస్టాతో తెచ్చింది. అయినా 2000ల నాటి కాపియర్లలో చాలావాటికి మొదటి వెర్షన్ తప్ప ఇంకోటి తెలియదు. ఆ తర్వాత కొన్నేళ్లు వచ్చిన మెషీన్లలో కూడా అనేకం అంతే. విండోస్ పాతదాన్నీ అట్టేపెట్టి ఉంచడంతో ఆ లోటు ఎవరికీ కనిపించలేదు.

2017 మే 12న వాన్నాక్రై అనే దుష్ట ప్రోగ్రాము ప్రపంచం మీద విరుచుకుపడింది. ఎస్‌ఎంబీ మొదటి వెర్షన్‌ను విండోస్ నడిపే తీరులో ఉన్న లోపం గుండానే అది ఒక కంప్యూటర్ నుంచి ఇంకో కంప్యూటర్‌కు పాకింది. ఆ లోపానికి మందు మైక్రోసాఫ్ట్ మార్చిలోనే ఇచ్చింది, వేసుకోనివాళ్లు లక్షల్లో ఉన్నారు. బ్రిటన్ ప్రభుత్వ ఆసుపత్రులు కొన్నింట్లో వైద్యానికి ఆటంకం కలిగింది. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని కూడా దాని బారిన పడ్డాయి. అదే ఏడాది అక్టోబరులో వచ్చిన విండోస్ 10 వెర్షన్ 1709 నుంచి, కొత్తగా వేసే విండోస్‌లో ఆ పాత పద్ధతికి సర్వర్ భాగం లేకుండా పోయింది. స్కాన్ పంపే కాపియర్‌కు ఎదురుగా సర్వర్‌లా నిలబడేది ఆ కంప్యూటరే. కాపియర్ తనకు తెలిసిన ఒకే ఒక్క మాటతో పలకరిస్తే అవతల నుంచి పలికేవాళ్లు లేరు. ముడి పడింది అక్కడ.

పాత పద్ధతిని మళ్లీ ఆన్ చేస్తే స్కానింగ్ ఆ క్షణమే మొదలవుతుంది. చాలాచోట్ల అదే చేశారు, ఇప్పటికీ చేస్తున్నారు. అది చేయకూడని పని. ఒక మెషీన్ కోసం ఆఫీసులో అందరి ఫైళ్లనూ ప్రమాదంలోకి నెట్టడమే అది. కంపెనీ కొత్త ఫర్మ్‌వేర్, అంటే మెషీన్ లోపలి ప్రోగ్రాము, ఇచ్చి ఉంటే వేయించుకోవడం మొదటి దారి. లేకపోతే స్కాన్లను ఎఫ్‌టీపీ ద్వారా ఆఫీసు లోపలే, మిగతా నెట్‌వర్క్ నుంచి వేరుగా పెట్టిన ఒక చిన్న లినక్స్ పెట్టెకు పంపించి, అక్కడి నుంచి కంప్యూటర్లు తీసుకునేలా అమర్చుకోవాలి.

చిక్కల్లా కంపెనీ ఫర్మ్‌వేర్ ఇవ్వనప్పుడు. మెషీన్ యజమానిదే, అందులోని ప్రోగ్రాము మాత్రం ఆయన ముట్టుకోగలిగేది కాదు. ఈ బాధ కూడా ప్రింటర్ అంత పాతదే. 1980 ప్రాంతంలో అమెరికాలోని ఎంఐటీ కృత్రిమ మేధ ప్రయోగశాలకు జిరాక్స్ లేజర్ ప్రింటర్ వచ్చింది. కాగితం ఇరుక్కుంటే నెట్‌వర్క్ మీద అందరికీ కబురు పంపే సదుపాయాన్ని అంతకు ముందున్న ప్రింటర్‌కు అక్కడి ప్రోగ్రామర్ రిచర్డ్ స్టాల్‌మన్ జోడించాడు. కొత్తదానికీ అదే చేద్దామంటే కంపెనీ దాని సోర్సు కోడు ఇవ్వలేదు. ఆ కోడు ఉన్న ఇంకో విశ్వవిద్యాలయానికి వెళ్లి అడిగితే, ఎవరికీ ఇవ్వనని కంపెనీకి మాట ఇచ్చానని అక్కడి మనిషి చెప్పాడు. 1983లో స్టాల్‌మన్ ప్రకటించిన గ్నూ ప్రాజెక్టు వెనక ఈ అనుభవం ఉందని ఆయనే పదేపదే చెప్పాడు.

తాళాలు, అంటే భద్రతా పద్ధతులు, మారినప్పుడల్లా ఇదే జరుగుతోంది. 2020లో బ్రౌజర్లు పాత టీఎల్‌ఎస్ వెర్షన్లను వదిలేశాక అనేక ప్రింటర్ల సెట్టింగ్స్ పేజీ తెరుచుకోవడం మానేసింది. 2022 మే 30 నుంచి గూగుల్ ఉత్త పాస్‌వర్డుతో లాగిన్ అయ్యే పరికరాలను ఆపేస్తే, స్కాన్‌ను జీమెయిల్‌కు పంపే కాపియర్లు ఆగిపోయాయి. ప్రత్యేకంగా తీసుకునే 16 అక్షరాల యాప్ పాస్‌వర్డు పెట్టుకున్నవాళ్లకే మళ్లీ పనిచేశాయి. వైఫై కార్డులదీ అదే దారి: 2.4 గిగాహెర్ట్జ్ మాత్రమే తెలిసిన ప్రింటర్ 5 గిగాహెర్ట్జ్ రూటర్‌ను చూడనే లేదు.

ఇప్పుడు వచ్చే మెషీన్లలో చాలావాటికి విడి కార్డు లేదు. నెట్‌వర్క్ చిప్ మెయిన్‌బోర్డు మీదే ఉంటుంది. స్లాటు, వోల్టేజీల గొడవ పోయింది, నిజమే. కానీ తొలకరి ఉరుముల్లో ల్యాన్ తీగ వెంట వచ్చిన పిడుగు దెబ్బకు ఆ చిప్ పోతే, ఒకప్పుడు రెండు స్క్రూలు విప్పి కార్డు మార్చిన చోట ఇప్పుడు బోర్డు మొత్తం మార్చాలి. బోర్డు ఖరీదు విని మెషీన్‌నే పక్కన పెట్టేస్తారు. టోనర్ నిండుగా, డ్రమ్ము కొత్తగా ఉన్న యంత్రం తుక్కులోకి పోవడం చూస్తే బాగుచేసే పని తెలిసిన ఎవరికైనా ప్రాణం ఉసూరుమంటుంది.

సెకండ్‌హ్యాండ్ కాపియర్ కొనడానికి వెళ్లేవాళ్లు సొంత ల్యాప్‌టాప్ ఒకటి, ల్యాన్ కేబుల్ ఒకటి వెంట తీసుకెళ్లాలి. ముందు మెషీన్ మెనూలోంచి కాన్ఫిగరేషన్ పేజీ ప్రింటు తీయించాలి. ఏయే బోర్డులున్నాయి, ఎంత మెమరీ, ఏ ఫర్మ్‌వేర్, ఏ భాషలు వచ్చు అన్నీ ఆ ఒక్క కాగితం మీద ఉంటాయి. తర్వాత ఒక తెలుగు పీడీఎఫ్ ప్రింటుకు పంపాలి. ఆఖరున ఎస్‌ఎంబీ పాత వెర్షన్ ఆఫ్‌లో ఉంచిన ఆ ల్యాప్‌టాప్‌లో ఒక ఫోల్డర్ తెరిచి, మెషీన్ గాజు మీద ఏదో ఒక కాగితం పెట్టి, ఆ ఫోల్డర్‌లోకి స్కాన్ పంపమనాలి. ఫోల్డర్‌లో ఫైలు కనిపించాకే డబ్బు చేతికివ్వాలి.